పరుపుల బండి వెనక

కైరుప్పలలో పిడకల పండగ ముగిసిన వారానికి నా మేనకోడలు నిఖత్ ఆదోని బస్టాండులో దిగింది. కథను పండగతో ఎందుకు మొదలుపెట్టానంటే, నాకు ఏడాది మొదలయ్యేది అక్కడే. ఉగాది పోయాక ఆ ఊరివాళ్ళు రెండు జట్లుగా చీలి పిడకలతో కొట్టుకుంటారు. ఆ తర్వాత నాలుగు రోజులూ నేను ఆ వీధుల్లో బండి తిప్పుతాను. "పిడక తగిలిన నడుముకు పడక తగలాలి!" అని మైకులో అరిస్తే చాలు, నడుములు పట్టుకుని బయటికొస్తారు జనం.

నేను మౌలాలిని. వయసు నడివయసు, నడుము నలుగురి నడుము, నడక నాస్తి. ఆటో వెనక దూది ఏకే మిషను బిగించుకుని, నెత్తిన మైకు కట్టుకుని, ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డ వేసి కుట్టి ఇస్తాను. వీడికి ఏకడం వచ్చింది గానీ ఏకాగ్రత రాలేదని మా అక్క నూర్ బీ అంటుంది. తప్పు నాది కాదు, మైకుది. మైకు పట్టుకుంటే నాకు మైకం. "పడక బాగుంటే మొగుడూ పెళ్ళాం గొడవ పడక పడుకుంటారు! పక్కింటి పక్క చూసి పక్కకు తిరిగి ఏడవకండి, పక్కా పక్క మాదే!" ఇలాంటివి పొద్దున్నించి పొద్దుగూకే దాకా నోటికి వస్తూనే ఉంటాయి. కొన్నిటికి జనం నవ్వుతారు. మిగతావాటికి నేనే నవ్వుకుంటాను. ఏదీ వృథా కాదు.

మా ఇంట్లో ముగ్గురం. మా అక్కది పరుపు. నాది పరువు, అంటే ఉన్నంతలో. నిఖత్‌ది పరుగు.

ఇది మాత్రం వేళాకోళం కాదు. పరుగెత్తడమే దాని ఉద్యోగం. పదిహేను వందల మీటర్లు, స్టేడియంలో నాలుగు చుట్లకు కాస్త తక్కువ. దీన్ని మధ్యదూరం అంటారట. మధ్యతరగతికి ఇంకా రెండు మెట్లు దిగువన పుట్టిన పిల్ల మధ్యదూరం దాకా వచ్చింది, అది చాలదా అని నేను కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఒక ప్రభుత్వ ఆఫీసువాళ్ళు దాన్ని క్రీడల కోటాలో తీసుకుని, తమ పేరు రాసిన బనియను తొడిగి, హైదరాబాదులో శిబిరంలో పెట్టి పరుగెత్తిస్తున్నారు.

ఆ రోజు బస్సు దిగినప్పుడు దాని భుజాన పెద్ద సంచి ఉంది. సెలవుకు వచ్చేవాళ్ళ సంచి అంత లావుండదు.

"ఏమ్మే, శిబిరమంతా మూటగట్టుకొచ్చినావా?" అన్నాను.

"పంపించేసినారు మామా."

నేను బండి స్టార్టు చేయబోయినవాణ్ణి ఆగిపోయాను. అది నా పక్కన, ముందు సీట్లోనే కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. వెనక మిషను పక్కన మెత్తటి పరుపులున్నా అటు పోదు.

"పంపించేసినారంటే?"

"రెండేండ్లాయె, ఒక్క మెడల్ రాలే. జూన్‌లో బెంగళూరులో పెద్ద మీటుండాది. ఆడ మొదటి ముగ్గుర్లో వస్తే మళ్ళా శిబిరానికి రమ్మన్న్యారు. ల్యాకపోతే బూట్లిడిసి ఆఫీసులో కుర్చీలో కూసోమన్న్యారు."

"ఫ్యాను కిందే గదా కూసునేది? మంచిదే గదమ్మీ?"

అది నా వైపు చూసిన చూపుకు ఆ ఫ్యాను ఏదో గానీ ఆగిపోయి ఉండేది. నేను బండి నడిపాను. ఇల్లు వచ్చేదాకా దాని మోకాళ్ళు రెండూ టకటకా ఊగుతూనే ఉన్నాయి.

*

ఇంటి ముందు పందిట్లో మా అక్క మిషనుకు దూది అందిస్తోంది. ముక్కుకు గుడ్డ, కనుబొమల మీద పీచు. మా బావ పోయినప్పటినుంచీ ఆ మిషను దగ్గర కూర్చునేది తనే. కూతుర్ని చూసి లేవలేదు, మిషను మాత్రం ఆపింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద మర్యాద లేదు.

"కోచ్ ఏమన్యాడు?" అంది.

"నాకు ఎనకాల పరిగెత్తేది రాదంట."

నాకు నవ్వాగలేదు. "మనది వెనకబడిన ప్రాంతమని గవర్మెంటే కాయితం మీద రాసిచ్చింది. ఆదోనిలో పుట్టి వెనకబడేది రాదంటే ఎట్లమ్మీ? ఈడ అందరికీ వచ్చే విద్య అదొక్కటే గదా!"

"గమ్మునుండురా," అంది అక్క.

నిఖత్ నవ్వలేదు. నిలబడే చెప్పింది. తుపాకి పేలగానే ఇది అందరికంటే ముందుకు పోతుంది. మిగతావాళ్ళు దీని వెనక హాయిగా, గాలి తగలకుండా వస్తారు. మూడు చుట్లు వాళ్ళందరినీ తన వీపు మీద మోసి, ఆఖరి చుట్టుకు ఇది డస్సిపోతుంది. అప్పుడు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దాటుకుని పోతారు, సంతలో ఆగిన బండిని దాటినట్టు. "ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతావు. నలుగురి వీపులు చూస్తూ ఓపిగ్గా పరుగెత్తడం నేర్చుకుని రా," అన్నాడట కోచ్.

"అంతే గదా, నేర్చుకో," అన్నాను.

"ఎనకాల ఊపిరాడదు మామా. ముందర ఎవరన్నా ఉంటే నోట్లో దూది పోయినట్లుంటాది."

"ఆడ దూది యాడుందే? రబ్బరు నేల గదా?"

"నాకు తెలుసు. కాళ్ళకు తెలీదు. డాక్టరు కూడా సూసినాడు, ఊపిరితిత్తులు బాగున్న్యాయంట."

మా అక్క మిషను వైపు చూసింది. నేనూ చూశాను.

నిఖత్ చిన్నగా ఉన్నప్పుడు మాకు ఆటో లేదు, మైకూ లేదు. ఒంటెద్దు బండి. దాని మీద మిషను పెట్టుకుని పోతుంటే వెనక ఉన్నవాళ్ళకు దుమ్మూ దూదీ రెండూ నోట్లోకే. అందుకని ఈ పిల్ల బండి దిగి ముందు పరుగెత్తేది. ఊరు కనబడగానే ఇంకా గట్టిగా పరుగెత్తి, "పరుపుల బండొచ్చె! పరుపుల బండొచ్చె!" అని కేకలు పెట్టుకుంటూ వీధిలో దూరేది. మేము పోయేసరికి ఆడవాళ్ళు పాత పరుపులు అరుగుల మీద వేసుకుని సిద్ధంగా ఉండేవారు. మైకు రాకముందు మా మైకు అదే. మైకు కొన్నాక దానికి పని లేకుండా పోయింది. ఆ పరుగు తీసుకుపోయి బడిలో పరుగెత్తింది, ఆపైన జిల్లాలో, ఆపైన ఎక్కడెక్కడో. గెలిచినన్నాళ్ళూ ముందే ఉంది. ముందు ఉండి గెలవలేని చోటికి ఇప్పుడు వచ్చి చేరింది.

"ఈడ నాతో సమానంగా పరిగెత్తేవాళ్ళు ఎవరూ లేరు మామా," అంది నిఖత్. "రేపట్నుంచి నీ బండెనక పరిగెత్తుతా."

"నా బండెనకనా? నేనే వెనకాడతాండానమ్మీ!"

"మామా, నిజంగా సెప్తాండా."

*

పథకం చాలా చిన్నది. ఎమ్మిగనూరు రోడ్డు దిగి తుంగభద్ర కాలవ గట్టు ఎక్కితే వంతెన దాకా మట్టిబాట. నేను ముందు బండిలో పోతాను, అది వెనక పరుగెత్తుతుంది. వంతెన వచ్చేదాకా నన్ను దాటకూడదు. అంతే.

ఎండాకాలం. కాలవలో నీళ్ళు లేవు. గట్టుకు రెండు పక్కలా పత్తికట్టె పీకేసిన నల్లరేగడి, పొద్దున్నే కూడా పొడిపొడిగా లేస్తుంది. ఆ దుమ్ముకు తోడు నా బండి పొగ, పొగకు తోడు మిషను సందుల్లోంచి ఎగిరే పీచు. మొదటిరోజు నిఖత్ మొహానికి చేతిగుడ్డ కట్టుకుంది. నేను అద్దంలో చూస్తూ నడిపాను. సగం దూరం బాగానే వచ్చింది. ఆ తర్వాత అద్దంలో మనిషి కాస్త పక్కకు జరిగింది. భుజం కనబడింది. తర్వాత నా సీటు పక్కన మోకాలు. తర్వాత బండి ముందు వీపు.

"అమ్మీ, నన్ను దాటినావు!"

"తెలుసు!" అని తిట్టినట్టు అరిచి, వంతెన దాకా పోయి, రాయి మీద చేతులానించి వంగి నిలబడింది.

రెండో రోజూ అదే. మూడో రోజూ అదే. నేనేమో మైకు ఆపలేదు. గట్టు కిందే ఊళ్ళున్నాయి, ఎలాగూ పోతున్న బండి, ఊరికే పోనివ్వడం ఎందుకు? "తిండి తర్వాత దిండు, దిండు తర్వాతే దండం! మా పరుపు మీద పడుకుంటే మొత్తం మెత్త, మెత్త మొత్తం!" అంటూ పోతున్నాను. నిఖత్ వెనక నుంచి "ఆపు మామా" అని అరుస్తుంది. నాకది హుషారుగా వినబడుతుంది.

ఈ గొడవలో ఈరమ్మవ్వ ఒకతి. గట్టు పక్క ఊరావిడ. పత్తికట్టె మోపు నెత్తిన పెట్టుకుని ఒకరోజు నడిబాటలో అడ్డం నిలబడింది. బండి ఆపక తప్పలేదు.

"కండ్లు పోయినాయా నీకి? పిల్ల ఎమ్మట పరిగెత్తొస్తాంటే ఆపకుండా పోతావా? మనిషివేనా నువ్వు?"

"ఆమె ఎక్కదవ్వా. పరిగెత్తాల."

"ఏంటికి పరిగెత్తాల?" మోపుతో సహా నిఖత్ వైపు తిరిగింది. "ఇంట్లో కొట్లాడినావా పాపా? అలిగినావా?"

"లేదవ్వా. ప్రాక్టీసు," అంది నిఖత్ రొప్పుతూ.

"ప్రాక్టీసైతే ఏమి? బండి ఖాళీగానే ఉండాది గదా! అన్ని పరుపులున్న్యాయి. ఎక్కి పండుకో పో."

"ఎక్కకూడదవ్వా."

ఈరమ్మవ్వ నన్ను కింది నుంచి పైకి చూసింది. "పిసినారోడా," అంది. "పిల్లనెక్కించుకుంటే నీ పరుపు అరుగుతాదా?"

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. మేము పోయే వేళకు ఆమె బాటలో ఉండేది. కొన్నాళ్ళకు ఇంకో ఇద్దరిని తోడు తెచ్చుకుంది. నేను దయలేనివాడినని కాలవ గట్టు పొడవునా పేరొచ్చింది. ఒకచోట పరుపు కుట్టించుకున్నావిడ దబ్బనం నా చేతికిస్తూ, "ఇంటి పిల్లను అట్ల ఉరికించద్దప్పా, మంచిది గాదు," అని మెల్లగా చెప్పింది కూడా. పోటీకి పోయే పిల్ల ముందుకు పోకుండా ఉండడం నేర్చుకుంటోందంటే ఎవరికి అర్థమవుతుంది? నాకే సగం అర్థమయింది.

ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. నిఖత్ నిలబడి తినేది. ఫోను మాట్లాడుతూ వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేది. మధ్యాహ్నం ఎండలో పందిరి గుంజ పట్టుకుని కాళ్ళు సాగదీసేది. "రవంత కూసో మే, నాకు కండ్లు తిరుగుతాండాయి," అని అక్క అంటే, "కూసుంటే ఆఫీసులో కూసున్న్యట్లుంది మా," అనేది. దాన్ని చూసి నాకూ కాలు నిలిచేది కాదు. ఏకిన దూదినే మళ్ళీ ఏకాను ఒకరోజు.

*

మే నెల ఆఖర్న ఎమ్మిగనూరు దారిలో ఒక ఊళ్ళో దేవర జరిగింది. అమ్మవారి జాతర. ఎద్దుల పందేలు, గుండు ఎత్తే పందేలు, ఆడపిల్లల పరుగు పందెం. వీటికి మైకు నాదే. కమిటీ పెద్ద మాదన్న ఏటా నన్నే పిలుస్తాడు. నాకంటే గొంతున్నవాళ్ళు దొరకరని కాదు, నాది ఆగదని.

"మీ పిల్ల వచ్చిందంట గదప్పా," అన్నాడు. "పేపర్లో ఫోటో పడిన పిల్ల మా ఊళ్ళో పరిగెత్తితే మాకు గొప్ప."

నిఖత్ ఒప్పుకుంది. పందెం కోసం కాదు. ఎమ్మిగనూరు నుంచి పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే అమ్మాయిలు వస్తున్నారని విన్నది. మనుషుల వెనక పరుగెత్తే అవకాశం ఇక్కడ ఇంకెక్కడ దొరుకుతుంది?

"ఆఖరి రౌండు దాకా ముగ్గురెనక ఉంటాను మామా. దుమ్ము తింటాను. ఆడ నా కాళ్ళకు నేర్పిస్తాను."

"తిను. కడుపునిండా తిను."

"నువ్వు మాత్రం..."

"గమ్మునుంటానమ్మీ. అమ్మవారి మీద ఒట్టు, అల్లా మీద ఒట్టు. ఇద్దరికీ తెలుసు నేను."

దున్ని చదును చేసిన చేనే మైదానం. పలుపుతాళ్ళు కట్టిన హద్దు. అమ్మాయిలు పరుగు మొదలుపెట్టగానే దుమ్ము మనిషెత్తు లేచింది. మొదటి రౌండులో ముందు ముగ్గురు ఎమ్మిగనూరు అమ్మాయిలు. వాళ్ళ వెనక దుమ్ములో, తల కొంచెం వంచుకుని, నిఖత్.

ఉంది. నిజంగానే వెనక ఉంది. నేను ఊపిరి బిగబట్టాను.

జనం మాత్రం బిగబట్టలేదు. "ఏమప్పా, పేపర్ పిల్ల ఇదేనా?" అని ఒకడు. "ఆ పేపర్ పాత కాయితాలకేసినారేమో!" అని ఇంకొకడు. "ఆ ఎర్ర చుడీదార్ పాప ఉద్యోగం తీసుకునేట్లుండాది, మీ పాప పెన్షన్ తీసుకునేట్లుండాది!" అని మూడోవాడు. అది నాకంటే మంచి జోకు. అదే నన్ను పొడిచింది. మాదన్న కూడా నా వైపు చూశాడు, పెళ్ళిలో వంట చెడిపోయినప్పుడు చూసినట్టు.

మైకు చేతిలో ఉంది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆగండప్పా! వెనకబడిన ప్రాంతం వాళ్ళం, వెనకుండేది మనకు లెక్కనా? ఎనకున్న్యది ఎవరనుకుంటాండారు? నిఖత్! నింపాదిగా ఉండే నిఖత్! ఇప్పుడు సూడండి, దుమ్ములోంచి దుమ్ము లేపుతాది!"

నా గొంతు మైదానం మీద మోగింది. దుమ్ములో ఆ తల పైకి లేచింది.

ఇంకా రెండు రౌండ్లున్నాయి. అది పక్కకు జరిగింది. భుజం, మోకాలు, వీపు. ఎమ్మిగనూరు అమ్మాయిలను బండ్లను దాటినట్టు దాటి ముందుకు పోయింది. జనం ఈలలు. మిగిలిన దూరమంతా ఒక్కతే పరుగెత్తింది. ఎవరూ దాని దరిదాపుల్లో లేరు. నేను మైకులో ఏం అరిచానో నాకు గుర్తు లేదు, మంచివే అరిచి ఉంటాను, అందరూ నవ్వారు.

మాదన్న స్టీలు బిందె బహుమతిగా ఇచ్చాడు. ఫోటో తీశారు. నిఖత్ ఆ బిందె తీసుకుని నేరుగా నా దగ్గరికొచ్చి నా ఒళ్ళో పెట్టింది. మొహమంతా నల్లమట్టి, కళ్ళు మాత్రం కడిగినట్టున్నాయి.

"నువ్వే గెలిచినావు మామా. నువ్వే ఉంచుకో."

ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు. నాకు మాటలు లేక కాదు. బిందె గురించే చాలా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

అక్క సంగతంతా విని, దూది పీచు దులుపుకుంది.

"ఒరే మౌలాలి, దానికి దుమ్ము ఒక్కటే కాదురా అడ్డం," అంది. "బండి నోరు తెరిస్తే తాను ముందుండాల అనుకుంటాది. చిన్నప్పట్నుంచి దాని కాళ్ళకు తెలిసింది అంతే. నువ్వు అరుస్తాంటే అది ఎనక ఎట్లుంటాదిరా?"

మరుసటి రోజు పొద్దున బండి తీసే ముందు మైకు వైరు పీకేశాను. పీకిన వైరును జేబులో పెట్టుకున్నాను, మళ్ళీ నేనే పెట్టేస్తానేమోనని. అంతలోనే ఆలోచించి, జేబులోంచి తీసి అక్క చేతికిచ్చాను.

*

మాటలు లేని మౌలాలి ఎలా ఉంటాడో ఆ పది పన్నెండు రోజుల్లో ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా చూశారు. "మైకు చెడిందా, గొంతు చెడిందా?" అని అడిగారు. "ఇంట్లో ఎవరన్నా పోయినారా?" అని ఒకాయన తలగుడ్డ తీసి మరీ అడిగాడు. మూగబండికి గిరాకీ ఏముంటుంది? ఊళ్ళోకొచ్చి వెళ్ళిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. లోపల మాత్రం మాటలు ఊరి ఊరి, నాకు దవడ నొప్పి పట్టింది. కాలవ గట్టు మీద పోతుంటే ఒక మంచి మాట తట్టేది, దాన్ని అలాగే మింగేవాణ్ణి. మింగిన మాట అరగదు. ఈ వయసులో అన్నం అరగకపోతే సోడా తాగుతాం, మాటకు ఏం తాగాలి?

వెనక దాని అడుగుల చప్పుడు వినడం అప్పుడే మొదలుపెట్టాను. అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నా గొంతే వినేవాణ్ణి.

ఒకరోజు గట్టు మీద, సగం దూరం దాటాక, అద్దంలో మనిషి పక్కకు జరిగింది. భుజం కనబడింది. నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. ఆ భుజం కాసేపు అలాగే ఉంది. తర్వాత మళ్ళీ లోపలికి, అద్దం మధ్యకు సర్దుకుంది. మొహానికి చేతిగుడ్డ లేదని అప్పుడు గమనించాను. ఎప్పటినుంచి కట్టుకోవడం మానేసిందో తెలియదు.

వంతెన దగ్గర బండి ఆపాను. అది వెనక ఆగింది. ముందుకు రాలేదు.

"రవంత నీళ్ళియ్యి మామా," అంది.

ఇచ్చాను. తాగింది. మిగిలినవి మొహాన కొట్టుకుంది.

*

బెంగళూరుకు నేనూ అక్కా పోయాం. స్టేడియం మెట్ల మీద కూర్చున్నాక, అక్క సంచిలోంచి నిమ్మకాయంత దూది ఉండ తీసింది.

"నోట్లో పెట్టుకో."

"గమ్మునుంటానులే అక్కా. ఇంతమందిలో నా గొంతు దానికేం ఇనపడతాది?"

"నీ గొంతు బళ్ళారిలో ఇనపడతాది. పెట్టుకో. శుభ్రంగానే ఉండాది, నేనే ఏకినాను."

"నోరు మూసుకుంటానంటాంటే..."

"నీ నోరు నీ మాట యినదురా."

పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి, పన్ను నొప్పి అనుకున్నాడేమో, కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఇటుకరంగు రబ్బరు నేల. ఎక్కడా దుమ్ము కణం లేదు. అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. అందరూ నిఖత్ లాగే సన్నగా, ఎండిన పత్తికట్టెల్లా ఉన్నారు. తుపాకి పేలింది. ఇది ముందుకు పోతుందని నా కాళ్ళే లేచాయి. అక్క నా మణికట్టు పట్టుకుంది.

పోలేదు. గుంపు వెనక, చివరి నుంచి మూడోదిగా, ఒకమ్మాయి జడ చూసుకుంటూ పరుగెత్తుతోంది. అక్కడి మైకులో ఎవరో ఇంగ్లీషులో, హిందీలో ముందున్నవాళ్ళ పేర్లు చెబుతున్నాడు. మా పిల్ల పేరు ఒక్కసారీ రాలేదు. మైకు నా చేతిలో ఉంటే వాడి పేరు కూడా మార్చేసేవాణ్ణి.

రెండో చుట్టు దాటాక నిఖత్ పక్కకు జరిగింది. ఆ జరగడం నాకు తెలుసు. అద్దంలో ఎన్నిసార్లు చూశానని! ఇక భుజం, ఇక మోకాలు, ఇక వీపు. నేను దూదిని కొరికాను. అక్క గోళ్ళు నా చేతిలో దిగాయి.

అది మళ్ళీ లోపలికి సర్దుకుంది. ఆ జడ వెనకే, బుద్ధిగా.

చుట్టుపక్కల ఎవరూ దాన్ని గమనించలేదు. ముందు ఎవరో ఎవరినో దాటితే చప్పట్లు కొడుతున్నారు. నేనూ అక్కా మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆఖరి చుట్టుకు గంట కొట్టారు. అప్పుడు కదిలింది. వంపులో జడ అమ్మాయిని దాటింది, ఆ తర్వాత ఇంకో ఇద్దరిని. తిన్నని దారిలోకి వచ్చేసరికి ముందు నలుగురు. అందులో ఒకతి, మొదటినుంచీ ముందున్న పిల్ల, అచ్చం మా నిఖత్ లాగే డస్సిపోయింది. దాన్ని దాటుతూ నిఖత్ ఒక్క క్షణం అటు చూసిందని నాకనిపించింది. ఇంకొకతితో గీత దాకా భుజం భుజం రాసుకుంటూ పోయింది. గీత మీద ఇద్దరూ కలిసి పడ్డట్టే ఉంది.

పెద్ద బోర్డు మీద పేర్లు పడడానికి ఎంతసేపు పట్టిందో. మూడో పేరు నిఖత్.

మూడు అంటే ఎన్ని మాటలున్నాయి తెలుగులో! ముడి ఉంది, మూట ఉంది, ముడుపు ఉంది. అన్నీ ఒక్కసారే వచ్చాయి. నోటి నిండా దూది ఉండడం వల్ల లోకానికి దక్కలేదు.

"ఇప్పుడు అరువురా," అంది అక్క. తన కళ్ళ నిండా నీళ్ళు. "ఇప్పుడు ఎంతన్నా అరుసుకో."

దూది తీశాను. నోరు తెరిచాను. బయటికొచ్చింది దూది పీచొక్కటే.

నిఖత్ మెట్ల దగ్గరికొచ్చింది, బూట్లు చేతిలో పట్టుకుని.

"ఊపిరాడిందా మే?" అంది అక్క.

"ఆడింది మా."

"నోట్లో దూది?"

నిఖత్ నా చేతిలోని తడిసిన ఉండను చూసింది, నన్ను చూసింది. "ఈసారి మామ నోట్లోకి పోయినట్లుందే," అంది.

*

శిబిరానికి పోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, ఒక పొద్దున నేను బండి తీస్తుంటే నిఖత్ వచ్చింది. అలవాటుగా ముందు సీటు మీది తువ్వాలు తీసి చోటిచ్చాను. అది కూర్చోలేదు. బండి వెనక్కు పోయి, మిషను పక్కన పేర్చిన పరుపుల మీదికెక్కింది.

"ఆడ పీచుంటాదమ్మీ."

"ఉండనీ మామా."

కాలవ గట్టు ఎక్కాం. ఆ వారంలోనే వాన పడి రేగడి అణిగింది గానీ, ఎండిన చోట ఇంకా కాస్త దుమ్ము లేస్తోంది. మైకు వైరు అక్క తిరిగి ఇచ్చేసింది, పెట్టుకున్నాను కూడా. అద్దంలో చూస్తే పాదాలు రెండు కనబడ్డాయి, అరికాళ్ళు పైకి తిరిగి, కదలకుండా. ఆ కాళ్ళు కదలకుండా ఉండడం నేను చూడడం అదే మొదలు. మైకు స్విచ్చు మీద పెట్టిన వేలు తీసేశాను.

పత్తి విత్తడానికి పోతున్న ఈరమ్మవ్వ బాటకు అడ్డంగా నిలబడింది.

"పిల్ల యాడప్పా?" అంది బండి వెనక బాట పొడవునా చూస్తూ. "యాడ వదిలిపెట్టొచ్చినావు?"

నేను బొటనవేలితో వెనక్కు చూపించాను. ఆమె పక్కగా వచ్చి, మిషను అవతలికి తొంగిచూసింది. నిఖత్ నోరు కొంచెం తెరుచుకుని, జుట్టు నిండా పీచుతో, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

"ఇన్నాళ్ళకు ఎక్కించుకున్న్యావా?" అంది నాతో.

ఏదో చెప్పబోయాను. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుని, బాట పక్కకు తప్పుకుంది.

"మెల్లగ పోనీయప్పా," అంది. "ఎవరు తరుముతాండారని?"